ఫొటో మాది.. సోకు వాళ్లది!

గోదావరి జిల్లాల్లో ఏ రోజు పేపరైనా తీయండి. లోపలి పేజీలో ఈ ఫొటో దాదాపు ఖాయం. ప్రభుత్వాసుపత్రి వార్డు, ఇనుప మంచం, మంచం చుట్టూ పదకొండు తెల్లచొక్కాలు. పదకొండు చేతులూ కలిసి ఒకే ఒక్క బ్రెడ్డు ప్యాకెట్‌ను పట్టుకుని ఉంటాయి. ఎవరో నాయకుడి పుట్టినరోజు. కింద ఆ పదకొండు మంది పేర్లూ వరుసగా ఉంటాయి. చోటు చాలకపోతే చివర ‘తదితరులు’ ఉంటుంది. రెండు పేర్లు మాత్రం ఎక్కడా కనిపించవు. మంచం మీద పడుకున్న రోగి పేరు ఒకటి. ఫొటో తీసినవాడి పేరు రెండోది.

రోగి సంగతి డాక్టర్లు చూసుకుంటారు. ఆ రెండో వాడి సంగతి అడగడానికే ఈ రాత.

మేమంటే ఎవరం? రాజమండ్రి, రామచంద్రపురం, రావులపాలెం, అమలాపురం, రాజోలు, తణుకు, పాలకొల్లు, నరసాపురం, భీమవరం.. ఇలా ఏ సెంటర్లో దిగి అడిగినా దొరుకుతాం. చిన్న స్టూడియో పెట్టుకుని, పెళ్లిళ్లూ పాస్‌పోర్టు సైజులూ తీసుకుంటూ బతుకుతాం. పిలుపు వస్తే కెమెరా మెడలో వేసుకుని బండి మీద పరుగెత్తుతాం. మాలో కొందరు వార్త కూడా రాస్తారు. పత్రిక లెక్కలో మేము ఉద్యోగులం కాము. కంట్రిబ్యూటర్లం, స్ట్రింగర్లం. ఒక్కోసారి అదీ లేదు, ‘ఆ స్టూడియో కుర్రాడు’. ఆ కుర్రాళ్లలో యాభై దాటినవాళ్లున్నారు.

ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాడిన పాఠకులు చదివే పత్రికలో గోదావరి జిల్లాల ఫొటోగ్రాఫర్ల గోడు ఏమిటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రాష్ట్రం 2014 జూన్ 2న విడిపోయింది. డెస్కుల తీరు మాత్రం ఎక్కడా మారలేదు. పరకాలలో కెమెరా పట్టినవాడికీ పాలకొల్లులో కెమెరా పట్టినవాడికీ సాయంత్రం అయ్యేసరికి వచ్చే ఫోన్ ఒకటే. ‘పేజీ కట్టేస్తున్నాం.. ఫొటో ఏదీ?’

అక్కడే ఉంది అసలు కిటుకు. జిల్లా పేజీ మెయిన్ పేజీ కంటే ముందు కడతారు. సాయంత్రం ఆరు దాటితే మన ఊరి వార్తకు చోటుండదు. ఊళ్లో సభలేమో సాయంత్రం అయిదుకు అని కార్డు కొట్టించి, ఏడుకు మొదలవుతాయి. అతిథి గారు ఇంకా దారిలో ఉంటారు. మరి ఫొటో ఎలా? దానికి మన పెద్దలు కనిపెట్టిన ఉపాయం లోకంలో ఇంకెక్కడా ఉండదు. ముందు ఫొటో, తర్వాత కార్యక్రమం! ఆటల పోటీలు ఇంకా మొదలుకాకుండానే కప్పు అందుకుంటున్న పిల్లాడి ఫొటో తీయించిన బడులున్నాయి. గెలిచేది ఎవరో ఎవరికీ తెలియదు. ఓ పిల్లాణ్ణి పిలిచి నిలబెడతారు, అతిథి నవ్వుతారు, క్లిక్. రక్తదాన శిబిరంలో నాయకుడు మంచమెక్కి పడుకుంటాడు, చేతికి పట్టీ చుడతారు, ఫొటో అవగానే లేచి చొక్కా సర్దుకుంటాడు. 2014 అక్టోబరులో స్వచ్ఛభారత్ వచ్చాక కొత్త చీపుర్లు, కొత్త చేతిగుడ్డలు వచ్చాయి. ఊడవడానికి చెత్త లేకపోతే ఎండుటాకులు తెచ్చి పోశారు. మొక్క నాటే గొయ్యి మాత్రం ఏటేటా అదే. ‘ఆయ్, నిరుడు ఇక్కడే కదండీ తీశారు, ఇక్కడే తీసేయండి’ అంటారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఏం జరిగిందో చూడండి. జరిగిన పనికి ఫొటో తీయడం పోయి, ఫొటో కోసం పని జరగడం మొదలైంది. గడియారం పత్రికది, బ్యానరు నాయకుడిది, కాళ్లు మావి.

రాజమండ్రికి పత్రిక కొత్తేమీ కాదు. కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ పెట్టి, లంచాలు మరిగిన అధికారులనూ ఊరి పెద్దలనూ ఏకిపారేశారు. 1881 డిసెంబరు 11న ఆ ఊళ్లోనే మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆరు గంటలకల్లా ఫొటో కావాలనే డెస్కు అప్పుడు లేదు గనక బతికిపోయారు. ఉంటే, పెళ్లికూతుర్ని పక్కకు జరిపి ముఖ్య అతిథిని మధ్యలో నిలబెట్టమనేవారు.

సరిగ్గా నూరేళ్లకు, 1974 ఆగస్టు 10న, విశాఖలో ‘ఈనాడు’ మొదలైంది. 1989లో అది జిల్లాకో చిన్న సైజు అనుబంధం తెచ్చింది. మిగతా పత్రికలూ ఆ బాటే పట్టాయి. ఆ పేజీల మేలు మేము కాదనం. అంతకు ముందు ఊరి పేరు పేపర్లో రావాలంటే వరదైనా రావాలి, హత్యైనా జరగాలి. జిల్లా పేజీ వచ్చాక మురుగు కాలవ, విరిగిన వంతెన, గుండె ధైర్యం ఉన్న ఆడవాళ్లూ పేపర్లోకెక్కారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో పుట్టిన సారా వ్యతిరేక పోరాటం 1992లో ఊరూరా పాకిందంటే అందులో జిల్లా పేజీల పాలు పెద్దదే. ఒక ఊరి ఆడవాళ్లు సారా ప్యాకెట్లు తగలబెట్టిన వార్త చూసి పక్క ఊరి వాళ్లు లేచారు. స్థానిక ఫొటోకు ఉన్న సత్తా అది. ఆ సత్తా తెలిసింది గనకే దాన్ని కొనుక్కోవడానికి బ్రెడ్డు ప్యాకెట్ల వాళ్లు బయల్దేరారు.

ఈ పని ఎలా సాగేదో ఈతరం విద్యార్థులకు తెలియకపోవచ్చు. రీలుకు ముప్పై ఆరు ఫొటోలు. పేపరు కోసం రెండు నొక్కితే మిగతా ముప్పై నాలుగూ ఎవరి పెళ్లికో పనికిరావాలి, లేదా వృథా. డార్క్ రూములో కడిగి, ఫ్యాను కింద ఆరబెట్టి, ప్రింటు వెనక పేర్లు రాసి, వార్తతో కలిపి కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సుకివ్వాలి. డ్రైవరును బతిమాలుకోవాలి. సఖినేటిపల్లి వాడికి ఇంకో తిప్పలు. పంటు మీద వశిష్ఠ దాటి నరసాపురం చేరాలి. పంటు తప్పిపోతే ఆ రోజు పని గోదాట్లో కలిసినట్టే. తర్వాత స్కానర్లూ నెట్ సెంటర్లూ వచ్చాయి, తర్వాత డిజిటల్ కెమెరా, ఆ తర్వాత వాట్సాప్. బస్సు పోయింది, పంటు పోయింది, రీలు పోయింది. మారనిది ఒక్కటే. ఖర్చు ఎప్పుడూ మాదే. కెమెరా మాది, లెన్సు మాది, పెట్రోలు మాది, నెట్ బిల్లు మాది. పత్రిక ఇచ్చేది అచ్చయిన దాని మీద లెక్కగట్టే చిల్లర, అదీ అన్నిచోట్లా లేదు. పైగా పండక్కీ పబ్బానికీ ప్రకటనల టార్గెట్టు. పొద్దున ఎవరి మీద ఫొటో వార్త పంపామో, సాయంత్రం వాళ్ల గుమ్మం ముందే శుభాకాంక్షల ప్రకటన కోసం నిలబడాలి. ఇక ఆ మర్నాటి నుంచి వాళ్ల మీద ఏ ఫొటో పంపగలం?

‘మీరు కవర్లు తీసుకుంటారు’ అని ఒక నింద ఉంది. తీసుకునేవాళ్లు లేరని మేము అనం. కానీ ఆ కవరును కనిపెట్టింది ఎవరు? జీతం ఇవ్వకుండా మనిషిని ఊరి మీదకు వదిలిన వాళ్లు కదా? కూలి ఇవ్వని కామందు, పాలేరు గింజలు ఏరుకున్నాడని పంచాయితీ పెట్టినట్టుంది ఈ నింద.

సరే, చట్టం మాట్లాడదాం. ఉద్యోగ మిత్రులకు ఈ భాష బాగా అర్థమవుతుంది. 1955లో వచ్చిన వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ఎడిటరును, రిపోర్టరును, కార్టూనిస్టును, ప్రూఫ్ రీడరును లెక్కబెడుతూ ‘న్యూస్ ఫొటోగ్రాఫర్’ను కూడా పేరుపెట్టి చెప్పింది. పార్లమెంటు 2020లో చేసిన కార్మిక కోడ్‌లోకి ఆ చట్టాన్ని కలిపేశారు. అక్కడా ఆ మాట ఉంది. చట్టంలో ఉన్న ఫొటోగ్రాఫరు మండలంలో ఎందుకు లేడు? ‘ఇది మీ ప్రధాన వృత్తి కాదు కదా, మీకు స్టూడియో ఉంది కదా’ అంటారు. పత్రిక జీతమిస్తే స్టూడియో ఎందుకు పెట్టుకుంటాం? జీతం ఇవ్వరు గనక వేరే పని చేసుకుంటాం. వేరే పని చేసుకుంటాం గనక జీతం ఇవ్వరు. బాగుంది వరస!

మేము మీ ఉద్యోగులం కామన్న మాటే ఖాయం చేద్దాం. అప్పుడు 1957 నాటి కాపీరైటు చట్టం తీయండి. ఫొటోకు కర్త ఎవరు? తీసినవాడు. మొదటి హక్కుదారు ఎవరు? మామూలుగా ఆ కర్తే. పత్రికలో ఉద్యోగిగా ఉంటూ తీస్తే అచ్చువేసుకునే హక్కు యాజమాన్యానిది. డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు డబ్బిచ్చినవాడిది. మేము ఉద్యోగులమూ కాము, మీరు డబ్బూ ఇవ్వలేదు. అంటే ఫొటో మాది! సొంత ఫొటో మీద పేరు వేయమని అడిగే హక్కూ అదే చట్టం 57వ సెక్షన్లో ఇచ్చింది. మరి ‘న్యూస్‌టుడే’ అనో, ‘ప్రతినిధి’ అనో, అసలేమీ లేకుండానో ఎలా వేస్తున్నారు?

ఇంకో చిక్కు చూడండి. బ్రెడ్డు పంచిన నాయకుడు ఫొటో తీయించుకుని డబ్బిచ్చాడనుకోండి. అప్పుడు హక్కు ఆయనది. అంటే రేపు పొద్దున మీరు డబ్బు పెట్టి కొనే పేపర్లో వార్తగా వచ్చింది ఆయన సొంత ఆస్తి. ప్రకటన అని రాయని ప్రకటన. ఫొటోగ్రాఫరుకు జీతం ఎగ్గొట్టి మిగుల్చుకున్నదానికి పాఠకుడు కడుతున్న వడ్డీ ఇది.

ఇలాంటి పద్ధతిలో దేనికి ఫొటో రాదో చెబుతాం. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. వరికి మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. పెట్టుబడి కూడా రాదని నాట్లు మానేశారు. రాష్ట్రానికి అన్నం పెట్టే డెల్టాలో, కాటన్ దొర ఆనకట్ట కింద, వేల ఎకరాలు బీడు పడ్డాయి. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. దేశమంతా మాట్లాడుకుంది. అంత పెద్ద సమ్మెకు ఫొటో ఏమిటి? ఏమీ లేని పొలం! బ్యానరు లేదు, అతిథి లేడు, జ్యోతి లేదు. చేలో గడ్డి, గట్టు మీద చేతులు కట్టుకున్న మనిషి. డెల్టా చరిత్రలో అంతకంటే గట్టి ఫొటో ఉండదు. ‘ఇందులో ఏముందండీ? యాక్షన్ లేదు’ అనే డెస్కుకు దాన్ని ఎలా అమ్మాలి? అందుకే ట్రాక్టర్లతో రాస్తారోకో చేసిన రోజు పెద్ద ఫొటో, చేను ఊరికే పడి ఉన్న వంద రోజులకు సింగిల్ కాలం. కౌలు రైతుకైతే ఆ కాలం కూడా లేదు. గట్టు మీద నిలబడటానికి కూడా అతని పేరున కాగితం లేదు మరి.

భీమవరం పక్కన తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వద్దని చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ఏళ్ల తరబడి కూర్చున్నారు. 2016లో 144 సెక్షన్ పెట్టారు. ఆ ఊళ్లలోకి మనిషి వెళ్లడమే కష్టమైంది. రొయ్యల సొమ్ముతో నిండే ప్రకటనల పేజీ ఒకపక్క, ఆ ఆడవాళ్ల ఫొటో ఇంకోపక్క. ఏ పక్క బరువు ఎక్కువో చెప్పాలా? అదే ఏడాది సంక్రాంతికి కోడిపందేల బరిలో కండువాలతో నిలబడ్డ పెద్దల ఫొటోలకు మాత్రం రంగుల పేజీలు చాల్లేదు.

2015 జులై 14 ఉదయం రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర జరిగింది మరిచిపోయేది కాదు. మొదటి రోజు, మొదటి గంటలు. తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. ముఖ్యమంత్రి కుటుంబం స్నానం చేసేటప్పుడు చిత్రీకరణ కోసం జనాన్ని ఆపారని ప్రతిపక్షాలు ఆరోపించాయి, ప్రభుత్వం కాదంది. జస్టిస్ సోమయాజులు కమిషన్ ముఖ్యమంత్రిని తప్పుపట్టలేదు. ముహూర్తం గురించి జరిగిన ప్రచారాన్నీ, జనం ఒక్కసారిగా ఎగబడటాన్నీ ఎత్తిచూపింది. ఎవరి మాట ఎంత నిజమో ఇక్కడ తేల్చబోవడం లేదు. ఒక్కటి అడుగుతాం. ఆ ముహూర్తాన్ని, ఆ ఒక్క ఘాట్‌ను వారాల తరబడి రంగుల పేజీల్లో ఊదరగొట్టింది ఎవరు? అఖండ గోదావరికి ఆ ఊళ్లోనే ఎన్నో రేవులున్నాయి. వాటి దగ్గర ఫొటో తీయమని ఏ డెస్కు చెప్పింది?

కచ్చులూరు సంగతీ అంతే. 2019 సెప్టెంబరు 15న రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. మొదటి వారం కెమెరాలు బారులు తీరాయి. తర్వాత పెద్ద కెమెరాలు ఒక్కొక్కటే సర్దుకున్నాయి. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం తాళ్లతో, లంగర్లతో, పట్టుదలతో అక్టోబరు 22న ఆ బోటును పైకి లాగింది. అలా రోజుల తరబడి బురదలో నిలబడి చేసే పనికి ఆరు గంటల డెడ్‌లైన్‌లో చోటు ఉండదు. పని ముగిసిన రోజు మాత్రం అందరికీ కావాలి.

మాకు ఇష్టమైన పని ఏదో కూడా చెప్పాలి కదా. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల ఏకాదశ రుద్రులు ప్రభల మీద వస్తారు. గంగలకుర్రు ప్రభలను కుర్రాళ్లు కౌశిక కాలవలో దింపి, నీళ్లలోంచి మోసుకొస్తారు. కెమెరా నెత్తిన పెట్టుకుని మేమూ దిగుతాం. అక్కడ ఎవరూ మా కోసం ఆగరు, ఎవరూ మా వైపు చూసి నవ్వరు. ఆపితే ప్రభ ఒరిగిపోతుంది. 2023 జనవరి 26న ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఊరేగింది ఈ తీర్థమే. ఏళ్ల తరబడి ఆ కాలవలో తడిసి ఫొటోలు తీసినవాళ్ల పేర్లు ఆ రోజు ఎవరికైనా గుర్తొచ్చాయా?

ఉద్యమ మిత్రులకూ ఒక మాట. కోపం తెచ్చుకోకండి. 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలోనూ, 2013లో కోస్తాలో నడిచిన సమైక్య ఆందోళనలోనూ రోడ్ల మీద వంటావార్పు చేశారు. పొయ్యి అంటించగానే గరిట పట్టుకుని ఫొటో తీయించుకుని, అన్నం ఉడక్కముందే కారెక్కిన నాయకులున్నారు. జీతం పోగొట్టుకుని రోజూ టెంటు కింద కూర్చున్న ఉద్యోగులున్నారు. సాయంత్రం ఆరుకు వెళ్లిన ఫొటోలో ఇద్దరూ ఒకే సైజు. ఇంకా చెప్పాలంటే నాయకుడే పెద్ద సైజు. మీ త్యాగాన్ని చిన్నది చేసింది మా కెమెరా కాదు. ఆ కారు వచ్చేదాకా ఆగమన్నవాళ్లు, ఆగకుండా పంపమన్నవాళ్లు.

ఇప్పుడు ఇంకో ముచ్చట. 2020 లాక్‌డౌన్‌లో పేజీలు కుదించారు, మనుషుల్నీ కుదించారు. ఆ తర్వాత నాయకుడి మనిషే సెల్‌ఫోన్‌తో తీసి, పేర్లు కూడా టైపు చేసి వాట్సాప్ గ్రూపులో పడేస్తున్నాడు. డెస్కుకు సుఖం, పైసా ఖర్చు లేదు. ఫొటోగ్రాఫరు అక్కర్లేదు, రిపోర్టరూ అక్కర్లేదు, కొన్నాళ్లకు కార్యక్రమం కూడా అక్కర్లేదు. ఈ మార్పు చూసి ‘టెక్నాలజీ అండీ, ఏం చేస్తాం’ అని నిట్టూర్చేవాళ్లను మేము నమ్మం. సెల్‌ఫోన్ పేదవాడి చేతిలోనూ ఉంది. అతను పంపిన గుంతల రోడ్డు ఫొటో ఎందుకు రావడం లేదు?

అయినా మా దగ్గర ఒక ఆస్తి మిగిలింది. 1986 ఆగస్టు వరద, 1995లో రెండు నెలలకు పైగా మండిన పాశర్లపూడి బ్లోఅవుట్, 1996 నవంబరు 6 రాత్రి తుపాను తర్వాత కొబ్బరి తోటలు పీనుగుల్లా పడి ఉన్న ఐ.పోలవరం, ముమ్మిడివరం ప్రాంతాలు, 1991, 2003 పుష్కరాలు.. వీటి నెగటివ్‌లు మా ఇళ్లల్లో ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. డెల్టా చెమ్మకు బూజు పడుతున్నాయి. ఒకటికొకటి అతుక్కుపోతున్నాయి. తీసినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. ఆ ఇంటి ఆడవాళ్లు ఏం చేయాలో తెలియక పాత సామానుకు వేస్తున్నారు. అమలాపురం కేంద్రంగా 2022లో కొత్త జిల్లా వచ్చింది, కలెక్టరేటు వచ్చింది. ఆ జిల్లా ఎలా బతికిందో చూపే ఫొటోలు దాచడానికి ఒక్క గది, ఒక్క బీరువా రాలేదు. పత్రికల దగ్గర ఉంటాయి కదా అంటారా? మేము పంపిన ప్రింట్లలో వెనక్కి వచ్చింది ఎన్ని? ఎవరినైనా అడిగి చూడండి.

మా డిమాండ్లు పెద్దవేమీ కావు. అచ్చయిన ప్రతి ఫొటోకూ రేటు కాగితం మీద ఉండాలి. ఫొటో కింద తీసినవాడి పేరుండాలి. ప్రకటనల టార్గెట్టు ఫొటోగ్రాఫరు మెడకు కట్టకూడదు. వరదలోకో లాఠీచార్జిలోకో పంపేవాళ్లు బీమా చేయించి పంపాలి. ఎవరో పంపిన ఫొటో వేసుకుంటే ‘పంపినది ఫలానా వారు’ అని రాయాలి, పాఠకుడు చూసుకుంటాడు. వారానికి ఒక్కరోజైనా బ్యానరు లేని, అతిథి లేని ఒక ఫొటోకు పెద్ద చోటివ్వాలి. దానికి ఆరు గంటల గడువు పెట్టకూడదు. విద్యార్థి మిత్రులారా, మీ కాలేజీ లైబ్రరీలో మీ ఊరి పాత ఫొటోల కోసం ఒక అర అడగండి, స్కానింగుకు మేమూ వస్తాం.

2027లో మళ్లీ పుష్కరాలు. ప్రత్యేక సంచికలు వేస్తారు. పాత పుష్కరాల ఫొటోల కోసం ఫోన్లు వస్తాయి. ‘అన్నయ్యా, ఆ 91 నాటి గోష్పాద క్షేత్రం ఫొటో ఒకటి వాట్సాప్‌లో కొట్టవా, అర్జెంటు, పేజీ కట్టేస్తున్నాం’ అని. వాళ్లకు ఇప్పుడే చెబుతున్నాం. నెగటివ్ ఇంట్లోనే ఉంది. రేటు చెప్పండి, పేరు వేస్తామని రాసివ్వండి, వచ్చి తీసుకెళ్లండి.